లోతు చూసి దిగిన బగ్గీ

ఆలమూరులో గన్నెయ్యగారికి ఎరువుల కొట్టు ఉంది. కొట్లో ఎరువులెన్ని ఉండేవో గానీ, ఇంట్లో తెలివి మాత్రం అటకదాకా నిండిపోయిందని ఆ ఇంటివాళ్ళ గట్టి నమ్మకం. గన్నెయ్యగారు, భార్య మాణిక్యాంబ, తమ్ముడు బుల్లియ్య. ముగ్గురూ ముగ్గురే.

"తెలివంటే ఏవిట్రా? ఎదుటివాడు చెప్పింది ఒక్క పొల్లు పోకుండా చెయ్యడం," అనేవారు గన్నెయ్యగారు. "జనం సగం విని, మిగతా సగం సొంతంగా ఆలోచిస్తారు. అక్కడే చెడిపోతున్నారు."

సొంతంగా ఆలోచించే జబ్బు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఎరువులు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్ళు ఈ ముగ్గుర్నీ కరీబియన్ సముద్రంలో ఉన్న ఓ దీవికి షికారు పంపించారు. ఆ దీవి ఏం పాపం చేసుకుందో మరి!

మూడోరోజు పొద్దున్నే బగ్గీ షికారన్నారు. బగ్గీ అన్నాక గుర్రం ఉండాలి కదా అని బుల్లియ్య జేబునిండా నానబెట్టిన శనగలు పోసుకొచ్చాడు. తీరా చూస్తే గుర్రం లేదు. నాలుగు లావుపాటి చక్రాలు, తలుపుల్లేని ఇనపచట్రం, వెనకాల ఇంజను.

"గుర్రం ఏదండీ?"

"దీనికి ఇంజనే గుర్రం," అన్నాడు గైడు శ్రీపతి. అతనిది విశాఖపట్నం. తెలుగువాళ్ళకోసం టూరువాళ్ళు పెట్టుకున్న మనిషి.

ఇంకేముంది, బుల్లియ్య శనగలన్నీ ఇంజను మీద పోశాడు. ఆ తర్వాత దారి పొడుగునా వేయించిన శనగల వాసన.

శ్రీపతి ముగ్గురికీ హెల్మెట్లు ఇచ్చి, అన్నీ విడమరిచి చెప్పాడు. "సార్, ఇది రోడ్డుమీద నడిపే బండి కాదు. రాళ్ళల్లో, బురదలో పోవాలి. నా వెనకాలే రండి. అమ్మా, మీరీ కమ్మీ గట్టిగా పట్టుకోండి. ఏం జరిగినా వదలొద్దు."

ముగ్గురూ తలూపారు. తలూపడంలో వాళ్ళకి సాటి ఎవరూ లేరు.

చెరకు తోటల్లో కాస్త దూరం బాగానే పోయారు. ఇంతలో అడ్డంగా తారురోడ్డు వచ్చింది. శ్రీపతి తన బండిలో దాటేసి పోయాడు. గన్నెయ్యగారు బ్రేకు వేశారు.

"రోడ్డుమీద నడపకూడదన్నాడుగా!"

"రోడ్డుమీద మట్టి పోస్తే అది రోడ్డెలా అవుతుంది అన్నయ్యా?" అన్నాడు బుల్లియ్య.

అంతే. అన్నదమ్ములిద్దరూ హెల్మెట్లతో బురద తెచ్చి రోడ్డుకి అడ్డంగా పొయ్యడం మొదలెట్టారు. మాణిక్యాంబ దిగలేదు. కమ్మీ వదలకూడదు మరి. అటూ ఇటూ కార్లు ఆగిపోయి ఒకటే హారన్లు.

"చూశావా వదినా, ఎంత మెచ్చుకుంటున్నారో!"

అరగంటకి రోడ్డు మాయమైంది. బగ్గీ దర్జాగా దాటింది. శ్రీపతి మాత్రం ఎక్కడా కనపడలేదు. నది అడ్డమొచ్చేదాకా వెళ్ళి చూస్తే, వీళ్ళకోసం వెతుకుతూ అవతలి ఒడ్డున అతను! సముద్రం దగ్గర్లోనే ఉంది. చేతులూపుతూ అరిచాడు.

"సార్! లోతు చూసి దిగండి!"

బుల్లియ్య పొడుగాటి వెదురుగడ తెచ్చి ముంచాడు. గడ పూర్తిగా మునిగింది.

"చూశాను అన్నయ్యా. రెండు నిలువుల లోతుంది."

"సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు చూశాను."

"అయితే ఇంకేం, దిగుదాం."

దిగారు. బుల్లియ్యకి ఈత వచ్చు గనక ఒడ్డువైపు ఈదడం మొదలెట్టాడు. గన్నెయ్యగారు తేలిపోతున్న హెల్మెట్టు పట్టుకుని వేలాడారు. మాణిక్యాంబ మాత్రం బండితోపాటు మునిగిపోతోంది. మెడదాకా నీళ్ళొచ్చాయి.

"మాణిక్యం, వదిలెయ్యవే!" గన్నెయ్యగారు కేక పెట్టారు. పెళ్ళయిన ముప్పైయేళ్ళలో ఆయన భయపడింది అప్పుడే.

"వదలొద్దని ఆ బాబు చెప్పాడు కదండీ!" ఆవిడ నోట్లోకి నీళ్ళు పోయాయి.

శ్రీపతి నదిలోకి దూకాడు. ఈదుకుంటూ వచ్చి, "అమ్మా, కమ్మీ కాదు, నన్ను పట్టుకోండి! గట్టిగా!" అన్నాడు.

ఇంకేముంది! రెండు చేతులతో మెడ పట్టేసింది. అతని కళ్ళు తేలిపోయాయి. చేపలవాళ్ళ పడవ అటుగా రాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆవిణ్ణి కాపాడుతూ అతను పోయేవాడు. అందర్నీ పడవలోకి లాగారు. గన్నెయ్యగారు భార్య తల తుడుస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

మెడ విడిపించుకున్నాక శ్రీపతి దణ్ణం పెట్టాడు. "బాబూ, ఇంక జన్మలో ఈ దీవిలో అడుగు పెట్టకండి!"

పడవ ఒడ్డుకి తగిలింది. ఎవరూ దిగరే!

"దిగండి సార్."

"అడుగు పెట్టొద్దన్నావుగా."

"కోపంలో అన్నానండీ!"

"ఎందులో అన్నా అన్నట్టే నాయనా," అన్నారు గన్నెయ్యగారు, కాళ్ళు పైకి మడుచుకుని.

చేసేదిలేక శ్రీపతి వాళ్ళని చేపల తోపుడుబండి మీద హోటలుకి తోయించాడు. మర్నాడు సామాన్ల బండి మీద విమానాశ్రయానికి తోయించాడు. వాళ్ళని అక్కడ ఉంచి, చక్రాల కుర్చీలు అడగడానికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి సంచులన్నీ నేలమీద బుద్ధిగా నిలబడి ఉన్నాయి. సామాన్లు లోపలికి పోయే పట్టీ మీద ముగ్గురూ ఒకరి వెనక ఒకరు, మోకాళ్ళు కౌగిలించుకుని కదిలిపోతున్నారు. బుల్లియ్య అప్పటికే రబ్బరు తెరలోంచి లోపలికి వెళ్ళిపోయాడు. మాణిక్యాంబ తల వంచింది.

గన్నెయ్యగారు వెనక్కి తిరిగి గర్వంగా కేక వేశారు. "శ్రీపతీ, చూసుకో! ఒక్క అడుగు కూడా పెట్టలేదు!"