నూకయ్య వాళ్ల పడవ

ఒక ఏటి ఒడ్డు రాజ్యంలో, పని లేనివాళ్లకు పడవలు కట్టడం నేర్పమని రాజు ఖజానా నుంచి సొమ్మిచ్చాడు. ఆరు నెలలైనా ఒక్కరికీ కొలువు దొరకలేదు. రాజు ఏటిగట్టుకొచ్చి కారణమడిగాడు.

"వీళ్లకు పని బాగా వచ్చు ప్రభూ. ఒళ్లే వంగదు. ఊళ్లోంచి వెళ్లగొట్టాలి" అన్నాడు శిక్షణాధికారి భద్రపాలుడు.

నేర్చుకున్నవాళ్లలో నూకయ్య ఒకడు. ఆరు నెలల్లో భద్రపాలుడు వాళ్ల చేతికి ఉలి ఇచ్చింది ఆఖరి మూడు రోజులే. నూకయ్య ముందుకొచ్చి, "మేం కట్టిన పడవ ఇదిగో ప్రభూ. అధికారిగారు ఇందులో అవతలి ఒడ్డుకు వెళ్లొస్తే, మేం సోమరులమని ఒప్పుకుని పోతాం" అన్నాడు.

భద్రపాలుడు పడవను చూశాడు, ఏటిని చూశాడు.

"నాకు ఈత రాదు ప్రభూ" అని గొణిగాడు.

పడవెక్కడానికి ఈతెందుకని రాజు అడగలేదు. ఆ రోజే అతన్ని తీసేసి, ముసలి వడ్రంగి ఒకణ్ణి పెట్టాడు.