కుంపట్లో కాలని అర్జీ

ఆ రాజుకు అర్జీలంటే మహా చిరాకు. ఎవరు తాటాకు మీద రాసి తెచ్చినా చదవకుండానే పక్కనున్న కుంపట్లో పడేసి, "విన్నాంలే, వెళ్లిరా" అనేవాడు.

ఒకరోజు అభ్రకం గనిలో పనిచేసే పెంచలమ్మ వచ్చింది. ఆమె అర్జీని కూడా రాజు అలవాటుగా నిప్పుల్లో పడేశాడు. అది కాలలేదు సరికదా, పొగైనా రాలేదు. ఎర్రటి నిప్పుల మీద అద్దంలా మెరుస్తూ అలాగే ఉంది.

"ఏమిటే ఇది?" అన్నాడు రాజు.

"మా గనిలో దొరికే అభ్రకపు రేకు దొరా. నిప్పు దీన్నేమీ చెయ్యలేదు. అందుకే దీని మీద గంటంతో గీయించి తెచ్చాను."

సభంతా చూస్తోంది. రాజు దాన్ని పటకారుతో తీయించి చదవక తప్పలేదు. 'గని కప్పు కుంగుతోంది. ఆసరాకు దుంగలు ఇప్పించండి.'

"ఇంతేనా! రేపే పంపిస్తాం. గట్టిదానివే," అని రాజు నవ్వాడు.

పెంచలమ్మ నవ్వలేదు.

"ఆ మాటలు నావి కావు దొరా, మా ఆయనవి. మూడుసార్లు తాటాకు మీద రాసి తెచ్చాడు. మూడూ ఈ కుంపట్లోనే కాలాయి. పోయిన నెల ఆ కప్పు ఆయన మీదే కూలింది. మీ దుంగలు మిగతా గనులకు పనికొస్తాయి. పుట్టిన దగ్గర్నుంచీ అభ్రకంతోనే బతుకుతున్నా, ఈ ఉపాయం ఒక్క నెల ముందు తట్టలేదు నాకు."