సన్నాయి పట్టుకున్న చెయ్యి

రావులపాలెంలో ఫొటోలు తీసే మస్తాన్ మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ప్రింటుకు పనికిరాదని ల్యాబ్ వాళ్లు వదిలేసిన నెగటివ్‌ను కూడా ఆయన పారేసేవారు కారు. కళ్లు మూసుకున్నవాళ్లు, తల తిప్పేసుకున్నవాళ్లు, కెమెరాకు అడ్డంగా నడిచినవాళ్లు, అందరూ ఆయన రేకు పెట్టెల్లో భద్రంగా ఉండేవారు. సెల్‌ఫోన్లు ఇంకా మాట్లాడుకోవడానికే పనికొచ్చే ఆ రోజుల్లో స్టూడియోకి డిజిటల్ కెమెరా వచ్చింది. మాస్టారు దాన్ని శిష్యుడు కిరీటి చేతికిచ్చారు.

కిరీటి లెక్కల్లో చురుకైనవాడు. ఒకరోజు ఆ పెట్టెల దుమ్ము దులుపుతూ అడిగాడు.

"మాస్టారూ, ల్యాబ్ నుంచి రోలు వచ్చేదాకా ఫొటో ఎలా పడిందో మీకు తెలిసేది కాదు. నాకు నొక్కగానే తెలిసిపోతోంది. నూటికి ఎనభై అక్కడికక్కడే తీసిపారేస్తున్నాను, కార్డులో చోటు మిగులుతోంది. ఈ చెత్తంతా మీరెందుకు దాచారు?"

మాస్టారు తలెత్తి బయటికి చూశారు. గుమ్మం దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. తుని వైపు నుంచి ఏడాది కిందట వచ్చి ఈ ఊళ్లో పెళ్లిళ్లకు సన్నాయి వాయిస్తున్న కొండలరావు భార్య, పైడమ్మ. వారం కిందట గోదావరిలో అతను ఎక్కిన పడవ తిరగబడింది. మిగతావాళ్ల శవాలు దొరికాయి. కొండలరావుది దొరకలేదు.

"ఎల్లుండి పెద్దకార్యం బాబూ," అంది. "దండ వేయడానికి పటం లేదు. మా పెళ్లినాటిది వానకి తడిసి పాడైపోయింది. పోయిన నెల మిల్లు వాళ్లింటి పెళ్లిలో ఫొటోలు మీరే తీశారంట కదా. ఆయన మండపం పక్కనే కూర్చుని వాయించాడు. ఎందులోనో ఒకదాంట్లో పడే ఉంటాడు."

కిరీటికి ఆ పెళ్లి గుర్తుంది. ఆ మనిషి ముందుకు వంగి వాయిస్తూ మాటిమాటికీ పెళ్లికూతురికి అడ్డం వచ్చాడు. 'కాస్త వెనక్కి జరుగు బాబాయ్, ప్రతి ఫొటోలో నువ్వే పెళ్లికొడుకులా ఉన్నావు' అంటే నవ్వి జరిగాడు కూడా. అడ్డం వచ్చినవన్నీ కిరీటి ఆ మండపంలోనే కార్డులోంచి తీసేశాడు.

అయినా కంప్యూటర్ తెరిచి ఒక్కొక్కటీ వెతికాడు. మాస్టారు ఆమెకు స్టూలు వేశారు. చివరికి ఒక ఫొటోలో, పెళ్లికూతురి భుజం పక్కన, అంచులో, సన్నాయి కింది భాగం, దాని మీద నాలుగు వేళ్లు కనిపించాయి.

పైడమ్మ తెర మీద చెయ్యి పెట్టింది. "ఇదిగో, ఈ చిటికెనవేలు. తలుపులో నలిగి వంకరపోయింది. ఆయనే." కాసేపు అలాగే చూసి, "మిగతాది ఏదయ్యా?" అంది.

"తీసేశానమ్మా."

"ఏం? మా ఆయన బాగా పడలేదా?"

కిరీటి తల దించుకున్నాడు. ఆమె లేచి చెంగుతో ముఖం తుడుచుకుంది. "సరే బాబూ, ఇదే ఇప్పించండి. దండ దీనికే వేస్తాం. రేపు సాయంత్రం వస్తాను."

ఆమె వెళ్లిపోయాక కిరీటి మళ్లీ తెర ముందు కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"మాస్టారూ, పెళ్లికూతురి భుజం అడ్డంగా ఉంది. దాన్ని కత్తిరించేసి, చెయ్యి ఒక్కటే పెద్దది చెయ్యనా?"

మాస్టారు రేకు పెట్టె మూత వేశారు.

"ఉండనీరా," అన్నారు. "ఇక ఏదీ తీసెయ్యకు."