ఆమేన్ చెప్పకుండా లేచిన సువార్తమ్మ

కొత్తలంక చర్చిలో స్త్రీల సమాజానికి పెద్దగా ఉన్న సువార్తమ్మ, ఎవరికి ఏ కష్టమొచ్చినా చక్కగా ప్రార్థన చేసేది, ఆపైన తాను చెయ్యాల్సింది ఇంకేమీ లేదనుకునేది.

ఆమె ప్రార్థనంటే మాటలా! గొంతు ఖంగుమని మోగేది. పెద్దవాళ్లకు కళ్లు చెమర్చేవి. పిల్లలకైతే మోకాళ్లు నొప్పి పుట్టేవి, అంత పొడుగు మరి. గంజి పెట్టిన తెల్లచీర నలగకుండా వచ్చి, నలగకుండానే ఇంటికి వెళ్లేది. చెడ్డ మనిషి కాదు సుమా! పాడి ఉన్న ఇంట్లో పుట్టింది, పని రానిదీ కాదు. ప్రార్థనతో తన వంతు తీరిపోయిందని నిజంగానే నమ్మేది.

ఆ సంఘంలోనే సలోమి అనే ఒంటరి మనిషి ఉండేది. ఆమెకున్నదల్లా ఒక పాడిగేదె. ఆ పాలు అమ్ముకునే బతికేది. ఒకరోజు పాపం, కాలువ రేవులో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. డాక్టరుగారు కట్టు కట్టి, మంచం దిగొద్దన్నారు. మరి గేదెను చూసేదెవరు? పక్కింటామె పాలు పితకబోతే అది ఒక్క తన్ను తన్నింది. సలోమి చెయ్యి తప్ప వేరే చెయ్యి ఎరగదది. పాలు పితకకపోతే వట్టిపోతుంది. ఇక చేసేది లేక, మర్నాడు పొద్దున్నే గేదెను తోలుకుపొమ్మని బేరగాడికి కబురు పెట్టింది సలోమి. అది పోతే ఆమెకిక బతుకుతెరువే లేదు.

ఆ సాయంత్రం సువార్తమ్మ కొందరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని పరామర్శకు వచ్చింది. పాట పాడారు. తలమీద కొంగు కప్పుకుని, కళ్లు మూసుకున్నారు. సువార్తమ్మ ప్రార్థన మొదలుపెట్టగానే కొట్టంలో గేదె అరిచింది. ఆమె గొంతు పెంచింది. గేదె కూడా పెంచింది.

"ప్రభువా! ఆ నోరులేని జీవం ఆకలి చూడు తండ్రీ. దానికింత మేత వేసే మనిషిని పంపించు. పాలు పితికే చేతుల్ని పంపించు!" అంటూ సువార్తమ్మ రెండు చేతులూ పైకెత్తింది.

అక్కడితో నోట మాట ఆగిపోయింది. 'అయ్యో, మరి ఇవి చేతులు కావా?' అనిపించింది. సిగ్గుతో చచ్చిపోయినంత పనయింది.

అందరూ కళ్లు మూసుకుని ఆమేన్ కోసం ఎదురుచూస్తున్నారు. ఎంతకీ రాదే! వెంట వచ్చినవాళ్లలో మార్తమ్మ అనే ఆవిడ మెల్లిగా ఒక కన్ను తెరిచింది. సువార్తమ్మ సలోమి మంచం దగ్గరుంది.

"అమ్మాయ్, పాలు పితికేటప్పుడు కట్టుకునే చీర ఎక్కడే?"

"దండెం మీదుందక్కా. అంతా పేడ మరకలు. మీరు కట్టుకునేది కాదు!"

"నీ వాసన ఉంటేనే అది దగ్గరికి రానిస్తుంది. నా గంజిచీరను చూసి మురిసిపోతుందా ఏం?" అంది సువార్తమ్మ.

ఆ మాసిన చీర కట్టుకుంది. మేత వేసింది, కుడితి పెట్టింది, దూడను వదిలింది. గిన్నె పట్టుకుని కూర్చోగానే గేదె ఒక్క తన్ను తన్నింది. ఆమె వెళ్లి పేడలో పడింది. ఆడవాళ్లు "అమ్మో!" అని పరుగెత్తుకొచ్చారు.

"తన్నవే తల్లీ, తన్ను! నిన్ను పస్తు పెట్టిన సంఘానికి ఆమాత్రం పడాల్సిందే" అంటూ సువార్తమ్మ నవ్వుతూ లేచింది. మళ్లీ కూర్చుని, దాని వీపు నిమిరింది. ఈసారి గేదె చేపింది. గిన్నెలో పాలు పడుతుంటే ఆడవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. ఒకామె కొట్టం ఊడ్చింది. మార్తమ్మ పొయ్యి వెలిగించి సలోమికి అన్నం వండింది.

పొద్దున్నే బేరగాడు వచ్చాడు. సువార్తమ్మ అప్పటికే గేదె పక్కన కూర్చుని పాలు పితుకుతోంది.

"గేదెను తోలుకెళ్లమన్నారు కదమ్మా?" అన్నాడతను.

"అమ్మట్లేదు నాయనా. సలోమి లేచి తిరిగేదాకా మేమే చూసుకుంటాం" అంది తల తిప్పకుండానే. ఎంత గొప్ప మాట!

లోపల మంచంమీద సలోమి ఆ మాట విని భోరున ఏడ్చింది. "నాకెవరూ లేరనుకున్నానక్కా!" అంది.

"మరి మేమెవరమే?" అంది సువార్తమ్మ.

నీతి: తోటి విశ్వాసి కోసం మోకరించడం మంచిదే, ఆ మోకాళ్లమీద నుంచి లేచి, మన చేతనైన పని చేసిపెట్టినప్పుడే అది క్రీస్తు ప్రేమ అనిపించుకుంటుంది.