తిరిగొచ్చే దారి

"కలవని రెండు నెట్‌వర్కుల్ని కలపాల్సి వస్తే, మారాల్సింది ఏదండీ మాస్టారూ?" అని, పని నేర్చుకుంటున్న హైమ ఒకసారి అడిగింది. అప్పలస్వామి మాస్టారు ముప్పై ఏళ్లుగా కంప్యూటర్ నెట్‌వర్కులు వేస్తున్న మనిషి. ఎవరేమడిగినా వెంటనే చెప్పే అలవాటు ఆయనకు లేదు. చేతికి పని అప్పగించేవారు. హైమను సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఆసుపత్రికి పంపించారు.

అక్కడ కింద రక్తపరీక్షల ల్యాబ్‌ది పాత నెట్‌వర్కు, పైన వార్డులది కొత్తది. ఒకదాని మాట ఒకదానికి అందదు. అందువల్ల రిపోర్టులు కాగితం మీద మెట్లెక్కేవి. ల్యాబ్ చూసుకునే వరహాలమ్మకు మోకాళ్ల నొప్పులు. అయినా అత్యవసరమైనవి తనే పట్టుకెళ్లేది.

ఒక నెట్‌వర్కు మాటను రెండోదానికి చేరవేసే గేట్‌వే పెట్టెను హైమ రెండింటి మధ్య బిగించింది. రెండు వైపులా దీపాలు వెలిగాయి. ల్యాబ్ నుంచి వార్డు కంప్యూటరుకు దారి కుదిరిందో లేదో చూసేందుకు ఒక పలకరింపు సందేశం పంపింది. జవాబు రాలేదు. మర్నాడూ అదే తంతు. మూడో రోజు విసిగిపోయి మాస్టారికి ఫోన్ చేసింది.

"తప్పంతా ల్యాబ్‌దేనండీ. మరీ పాత కంప్యూటర్లు. తీసేయమని రాసిచ్చేస్తాను."

పక్కనే ఉన్న వరహాలమ్మ గాజు గొట్టాలు సర్దుకుంది. పద్నాలుగేళ్లుగా ఆమె వాడుతున్న యంత్రాలవి. హైమకు మనసు చివుక్కుమంది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

గంటలో మాస్టారు వచ్చారు. పెట్టె వైపు కన్నెత్తి చూడలేదు. హైమను పై అంతస్తులో నర్సు రాహేలు కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, "దీనికి ఏం వస్తోందో, దీన్నుంచి ఏం పోతోందో చూస్తూ ఉండు" అని, తను కిందికి వెళ్లి పలకరింపు పంపారు.

అది వచ్చింది. హైమ కళ్ల ముందే వార్డు కంప్యూటరు బదులు కూడా ఇచ్చింది. అయితే ఆ బదులు దానికి తెలిసిన ఒకే ఒక్క దారిన, బయటి ఇంటర్నెట్ వైపు వెళ్లిపోయింది. ల్యాబ్‌కు ఈ పెట్టె మీదుగా వెళ్లాలని వార్డు వైపు హైమ ఎక్కడా రాయలేదు. వార్డుకు వెళ్లే దారి ల్యాబ్‌కు చెప్పింది కానీ, ల్యాబ్‌కు తిరిగొచ్చే దారి వార్డుకు చెప్పడం మరిచిపోయింది.

వార్డు వైపు ఆ ఒక్క లైనూ రాసింది. పావుగంటకల్లా, డెంగీతో పడి ఉన్న ఒక మనిషి ప్లేట్‌లెట్ల లెక్క రాహేలు ముందు తెర మీదికి వచ్చింది. ఆమె డాక్టరుకు ఫోన్ కలిపి, "కౌంటు వచ్చిందండీ. పడిపోతోంది, ప్లేట్‌లెట్లు తెప్పించమంటారా?" అని అడగడం హైమ విన్నది.

కిందికి దిగి వరహాలమ్మ దగ్గర నిలబడింది. "తప్పు మీ కంప్యూటర్లది కాదండీ. నాది."

"సరేలేమ్మా. రేపట్నుంచి నేను మెట్లెక్కక్కర్లేదు కదా?"

"అక్కర్లేదండీ," అంది హైమ.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న మాస్టారిని అందుకుని, "మారాల్సింది ఏదో మీరు చెప్పనే లేదండీ" అంది.

"మూడు రోజులుగా వార్డు జవాబిస్తూనే ఉందమ్మా. లేనిదల్లా అది తిరిగొచ్చే దారే" అన్నారు మాస్టారు.