ఆకాశానికి దుప్పటి కప్పిందెవరు?

అనగనగా, విమానాలింకా పుట్టని రోజుల్లో, మంచుకొండల కింద ఒక అడవి. ఆ అడవిలో ఎవరు కొండ దాటాలన్నా, తలమీద నల్ల చారలుండే పట్టెతల బాతులే దిక్కు. పెళ్ళికెళ్ళే ఎలుకలు, పుట్టింటికెళ్ళే కుందేళ్ళు, అందరూ బాతుల వీపెక్కాల్సిందే. పొద్దున బయల్దేరితే తిరిగొచ్చేది పొద్దుగూకే వేళకే. పైన చలి కదూ, వీపెక్కినవాళ్ళు ఈకల్లో తలదూర్చి కళ్ళు మూసుకునేవారు. బాతులకేమో ఒక ఆచారం. ఎగిరేటప్పుడు వెనక్కి చూడకూడదు. చూస్తే వరస చెడుతుందట!

వాళ్ళకి పెద్ద మందరమ్మ. మంచిదే, కాని ఒట్టి అనుమానం మనిషి. మనిషేమిటి నా మొహం, అనుమానపు పక్షి! ఎవరైనా "బాగున్నావా?" అంటే చాలు, "ఎందుకడిగాడబ్బా?" అని రోజంతా బుర్ర బద్దలు కొట్టుకునేది.

ఆ ఏడు అడవికో పీడ పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి ఆకాశం నిండా తెల్లటి మబ్బు పల్చగా, దుప్పటిలా పరుచుకునేది. చుక్క వాన పడేది కాదు. పగలంతా కాగిన నేల రాత్రి చల్లారేది కాదు, ఒకటే ఉక్క. అడవి మధ్యనున్న మడుగు ఇంకిపోసాగింది. ఆ మడుగు నడుమ దిబ్బ మీదే మందరమ్మ గూడు. గూట్లో నాలుగు గుడ్లు. వాటిమీద మెత్తటి ఈకలు కప్పి పనికెళ్ళేది. చుట్టూ నీళ్ళుంటే భయమేముంది? ఇప్పుడా నీళ్ళే తగ్గుతున్నాయి. నక్క రోజూ ఒడ్డుకొచ్చి, బురదలో ఒక కాలు పెట్టి చూసుకుని పోతోంది.

మందరమ్మ గుడ్ల మీద ఇంకాసిని ఈకలు కప్పింది. "ఎవడో కావాలనే ఆకాశానికి దుప్పటి కప్పుతున్నాడు. వాణ్ణి పట్టుకోకపోతే నా పేరు మందరమ్మే కాదు!" అంది.

ముందు సాలీడు దగ్గరికెళ్ళింది. "తెల్లటి దారాలు నేసేది నువ్వేగా? నిజం చెప్పు."

"అయ్యో పిన్నీ! ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకి దారం చాలితే అదే గొప్ప. ఆకాశమంతా నేస్తానా?" అన్నాడు సాలీడు.

తర్వాత కప్పతాత. "మబ్బుల్ని పిలిచేది నువ్వే. ఈ పనికిమాలిన మబ్బుని నువ్వే పిలిచుంటావు."

"ఎండిపోతున్నది నా ఇల్లు కూడా కదమ్మా," అన్నాడు తాత. మందరమ్మ ఇద్దరినీ నమ్మలేదు.

మూడోవాడు గద్ద వీరన్న. వాడు తనంతట తనే వచ్చాడు. "వదినా, కొండ పైన గాలిలో చల్లటి తడిపట్టీ ఒకటుంది. మీరు దాన్లోంచి వస్తున్నారు. అక్కడ కాస్త కిందకి దిగి రండి, ఈ మబ్బు పుట్టదు," అన్నాడు.

మందరమ్మకి ఒళ్ళు మండిపోయింది. "కిందకా? నువ్వు తిరిగే ఎత్తుకా? వీపుల మీది ఎలుకలతో సహా నీ నోటిదగ్గరికి రమ్మంటావా? పోవయ్యా పో!"

"నీ ఇష్టం," అని వీరన్న ఎగిరిపోయాడు.

"దొంగ దొరికాడు," అనుకుంది మందరమ్మ. మర్నాడు గుంపుని తమ్ముడు ఓబన్నకి అప్పగించి, కొండకొమ్ము మీద ఒక బండ చాటున నక్కి కూర్చుంది. గద్ద గుండ్రంగా తిరుగుతున్నాడు. మబ్బు ముక్క కూడా రాలేదు. "నేను చూస్తున్నానని తెలిసి నటిస్తున్నాడు, గుంటనక్క!" అనుకుంది.

పొద్దు వాలింది. కొండవతలి నుంచి తన గుంపు తిరిగొస్తోంది. నీలాకాశంలో ఆ వరస ఎంత ముద్దుగా ఉందో! ఇంతలో, అమ్మో, ఇదేమిటి? బాతులు వదిలిన ఊపిరి వాటి వెనకాలే తెల్లటి గీతల్లా నిలిచిపోయింది. గీతలు కరగలేదు. వెడల్పయ్యాయి. ఒకదాంతో ఒకటి కలిసిపోయాయి. చూస్తూ ఉండగానే ఆకాశమంతా దుప్పటి! గుంపులో ఒక్కరంటే ఒక్కరు వెనక్కి చూడలేదు.

మందరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. గబగబా గూటికి వెళ్ళింది. గుడ్లు మూడే ఉన్నాయి. బురదలో నక్క అడుగులున్నాయి. మందరమ్మ గుండెలవిసేలా ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి, వీరన్న గూటి దగ్గరికెళ్ళింది. "తప్పు మాదేనయ్యా. ఆ తడిపట్టీ సంగతి సరిగ్గా చెప్పు."

"అది ఒకచోట ఉండదు వదినా. కొన్నాళ్ళు అసలుండదు, ఈ ఏడే ఎక్కువైంది. ఉన్ననాడు కాస్త కిందనుంచో పైనుంచో దాటిపోతే చాలు. రెక్కలు ఇంకొంచెం నొప్పెడతాయి, అంతే."

"ఇందులో నీకేమిటి లాభం?" అంది మందరమ్మ. అనుమానం అంత తొందరగా పోతుందా మరి!

వీరన్న పక్కకి జరిగాడు. వాడి గూట్లో రెండు పిల్లలు ఉక్కకి నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి. "ఇదీ నా లాభం. అయినా నన్ను నమ్మొద్దులే. నీ కళ్ళతో నువ్వే చూసుకో."

మర్నాటి నుంచి కొత్త పద్ధతి. గుంపు కదిలేముందు ఒక బాతు ఒంటరిగా పైకెళ్ళి, ఊపిరి వదిలి, వెనక్కి తిరిగి చూసేది. గీత కరిగిందా, అదే దారి. నిలిచిందా, అక్కడ కిందకి దిగి, దాటాక మళ్ళీ పైకి. దిగినప్పుడు మాత్రం గుంపంతా ఒత్తుగా, కళ్ళన్నీ వీరన్న మీదే! "ఆలస్యమవుతోంది, ముహూర్తం దాటిపోతుంది," అని పెళ్ళి ఎలుకలు సణిగాయి. మందరమ్మ వినిపించుకోలేదు.

సాయంత్రాలు మళ్ళీ చుక్కలు కనిపించాయి. రాత్రుళ్ళు చల్లబడ్డాయి. మడుగు ఇంకడం తగ్గింది, తొలకరికి నిండిపోయింది. నక్క అలవాటుగా కాలు పెట్టింది. మెడదాకా మునిగి, తిట్టుకుంటూ పోయింది.

మూడు గుడ్లూ పిల్లలయ్యాయి. ఎగరడం నేర్చుకునే రోజొచ్చింది.

"వెనక్కి చూడకూడదు కదమ్మా?" అడిగింది చిన్నది.

"చూడాలి," అంది మందరమ్మ.

"ఎందుకమ్మా?"

మందరమ్మ గూటి వైపు చూసింది. నాలుగో గుడ్డు ఉన్నచోట గుంట ఇంకా అలాగే ఉంది. "నేను చూడలేదు కనక," అంది.

నీతి: ఊరందరినీ అనుమానించే ముందు, మన వెనక మనమేం వదిలి వస్తున్నామో ఒకసారి తిరిగి చూసుకోవాలి.