వేడి గంజి

నసీరు మొహం వేలాడేసుకుని దర్గాలోకి వచ్చాడు. పోయినసారి ఇదే నసీరు ఎగిరి గంతేశాడు. ఏటి అవతల, ఇద్దరు పాలెగాళ్ళ పోరులో చిక్కి మాడుతున్న ఊరికి బియ్యం చేర్చానని! రేవు కాసే సర్దారుకి సగం బస్తాలు వదిలేస్తే, మిగతా సగం పోనిచ్చాడు మరి. ఎంత తెలివి! ఆ సగం తిని సర్దారు మూకకి ఒంట్లో సత్తువొచ్చింది. వెళ్ళి పక్క పల్లెని తగలబెట్టింది.

"బాబా, ఇవ్వకపోతే ఊరు చస్తుంది. ఇస్తే యుద్ధం బతుకుతుంది. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. మానేద్దామా?" అని గురువు ముందు ఏడ్చేశాడు.

ముసలి ఫకీరు లేచాడు. ఉన్న బస్తాలూ, గుండిగలూ, కట్టెలూ పడవకెక్కించమన్నాడు. తానూ ఎక్కాడు.

అవతలి రేవులో దిగీదిగగానే ఇసుకలోనే పొయ్యిలు పెట్టించాడు. నసీరు బాబా దగ్గరికి పరిగెత్తాడు. సర్దారు వాటా మాటేమిటి? అడిగేలోపే బాబా బస్తాల మూతులు విప్పి బియ్యమంతా ఎసట్లో పోసేశాడు.

గంజి వాసనకి ఊరు ఊరంతా వచ్చి వరుసగా కూర్చుంది. సర్దారూ దిగాడు, మనుషులతో.

"నా సగం ఏదిరా?" అంటూ నసీరు గొంతు మీద కత్తి ఆనించాడు.

నసీరుకి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఉడుకుతోంది నాయనా," అన్నాడు ఫకీరు, గరిటె తిప్పుతూనే. "దాచుకుంటే రేపటికి పులిసిపోతుంది. ఆకలైతే కూర్చోండి, ఊరివాళ్ళ పక్కనే."

సర్దారు గుండిగని తన్నడానికి కాలెత్తాడు. పోయినసారి బియ్యం వాళ్ళకీ ఎప్పుడో అరిగిపోయింది. అతని మనుషులంతా ఆ గుండిగ వంకే చూస్తూ గుటకలు మింగుతున్నారు. అది చూసి పళ్ళు కొరుకుతూ కాలు దించాడు. నసీరు గొంతు మీంచి కత్తి కూడా తీసేశాడు.

ఒక బంటు వరుస చివర కూలబడ్డాడు. ఒక చేత బల్లెం, ఒక చేత దొప్ప. గంజి పడగానే దొప్ప ఒరిగింది, చెయ్యి చురుక్కుమంది.

"రెండు చేతులా పట్టుకో నాయనా, ఒలికిపోతుంది," అన్నాడు ఫకీరు.

బంటు బల్లెం ఇసుకలో పెట్టాడు. పక్కవాడూ పెట్టాడు.

నసీరు గొంతు తడుముకుంటూ మెల్లిగా అడిగాడు. "తిన్నాక మళ్ళీ అందుకుంటారు కదా, బాబా?"

"అందుకుంటారురా," ఫకీరు ఇంకో దొప్ప నింపాడు. "రేపూ బియ్యం తెచ్చి ఇక్కడే వండాలి, కట్టెలున్నాయో లేదో చూడు."